సీసా మెడకి వేసిన ముడి

నేను ఒక గాజు సీసాని. పొట్ట గుండ్రం, మెడ పొట్టి, మూతి వెడల్పు. నా అందం సంగతి మీరే చెప్పాలి గానీ, ఆరా తీయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. నాలో ఏం పోస్తారో, ఎందుకు పోస్తారో అని పుట్టినప్పటినుంచీ నాకు ఒకటే ఆత్రం.

పుట్టింది ఇసకలోంచి. నమ్మరా? ఇసకలో సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగించి, ఎర్రటి ముద్దని అచ్చులో పెట్టి ఊదారు. ఒళ్ళు చల్లారిందో లేదో కాఫీ పొడి కూరి మూత బిగించేశారు. లోకమంటే కాఫీ వాసనే కాబోలు అనుకున్నాను. తర్వాత నరసాపురంలో, లేసులు అల్లే సువార్తమ్మ ఇంటికి చేరాను. పొడి అయిపోయింది. ఇక పారేస్తారు, నా పని సరి అనుకున్నాను గానీ, మనుషుల సంగతి నాకప్పుడు తెలియదు. సీసాలో ఉన్నదాన్ని ఇట్టే ఖాళీ చేస్తారు, ఖాళీ సీసాని మాత్రం చచ్చినా వదలరు. "ఉంచవే, దేనికైనా పనికొత్తది" అంది సువార్తమ్మ కోడలు రాహేలుతో. అలా మెంతులు మోశాను, ఇంగువ మోశాను, చివరికి రొయ్యల పచ్చడి కూడా మోశాను. ఆ వాసన వదిలించడానికి రాహేలు పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

అలమరలో కూర్చుని నేను చూసిందంతా సువార్తమ్మ చేతులే. చిన్నప్పటినుంచీ లేసు సూది పట్టిన చేతులవి. ఆమె భర్త దానియేలు, ఊళ్ళో ఆడవాళ్ళు అల్లిన లేసులు షావుకారు తరఫున సైకిల్ మీద తిరిగి పోగుచేసేవాడట. లేసు తిరగేసి, వెనకవైపు బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాసేవాడట. వేలికి ముడి తగిలిందా, ఇక అంతే. "ముడుందమ్మా" అని కొనకుండా వెనక్కి తిప్పేసేవాడు. లేసులో ముడంటే అంత తప్పు. పెళ్ళయ్యాక కూడా అదే వరస. "కట్టుకున్న పెళ్ళాన్నని కూడా సూడలేదే ఆ మనిషి!" అని సువార్తమ్మ ఇప్పటికీ తిడుతుంది. తిట్టి నవ్వుకుంటుంది.

ఆ దానియేలు పోయాడు. ఈమె కళ్ళకి సన్నదారం ఆనడం మానేసింది. సూది పక్కన పెట్టేసింది గానీ వేళ్ళు ఊరుకుంటాయా? ఒళ్ళో పెట్టుకున్నా లేని దారాన్ని అల్లుతూనే ఉండేవి. చూస్తే నాకే జాలేసేది.

ఆమె అసలు దిగులు వేరే ఉంది. ఏటా సమాధుల పండగనాడు ఊరివాళ్ళందరూ తమవాళ్ళ సమాధులకి వెల్లవేసి, పూలుపెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. దానియేలు సమాధి గోదావరి వైపు చివర్లో ఉంది. కొవ్వొత్తి వెలిగించడమే ఆలస్యం, గాలి ఊదేస్తుంది. ఈమె కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడుతుంది, ఆరితే మళ్ళీ వెలిగిస్తుంది. పోయిన ఏడు అగ్గిపెట్టె కూడా అయిపోయింది. సమాధుల తోట గుమ్మం దాకా వెనక్కి చూసుకుంటూ, ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. "మీ మావకి సీకటంటే పడదే రాయేలా. బెడ్‌లైటు లేందే పడుకునేవాడు కాదు. ఈ ఒక్క రాత్రైనా ఎలుగు ఉండాలే."

ఈసారి పండగ దగ్గరపడుతుండగా రాహేలు ఫోన్లో ఏదో చూసి ఎగిరి గంతేసింది. "అత్తయ్యా, ఇది చూడండి! గాజు సీసాకి లావు తాడుతో అల్లికేసి వేలాడదీశారు. లోపల కొవ్వొత్తి. గాలి ఎటునుంచొచ్చినా ఏం చెయ్యలేదండి. ఇలా తాడుకి ముడులేసి అల్లేదాన్ని మ్యాక్రమే అంటారంట. తాడు లావే కదా, మీకు కనపడుద్ది."

అలమరలోంచి నన్ను దించారు. నాలో పోస్తారని నేను ఎదురుచూసిన వాటిల్లో మంట మాత్రం లేదు. అమ్మో, మంటా! నా కుతూహలం అంతా ఇంతా కాదు.

సువార్తమ్మ నా మెడకి తాళ్ళు చుట్టి పని మొదలెట్టింది. ఎన్నాళ్ళకి ఆ వేళ్ళకి పని దొరికిందో! చకచకా అల్లేసింది, నా ఒంటికి లేసు గౌను తొడిగినట్టుంది. వసారా కొక్కేనికి తగిలించారు. పక్కింటి పిల్లి వచ్చి, వేలాడుతున్న తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. సర్రుమని గౌనంతా ఊడిపోయింది. నేను దభీమని కిందున్న పీచు పట్టా మీద పడ్డాను. మూతి దగ్గర చిన్న పెచ్చు లేచింది గానీ ప్రాణం దక్కింది.

"పగిలిన గాజు ఇంట్లో వద్దండీ, వేరే సీసా తెస్తాను" అంది రాహేలు. నా గుండె ఆగినంత పనైంది.

సువార్తమ్మ వినలేదు. ఊడిపోయిన తాడునే తడుముతోంది. "ఇందులో ఒక్క ముడీ లేదే" అంది. నిజమే. ముడి వేయాల్సిన ప్రతిచోటా ఆమె వేళ్ళు అలవాటుకొద్దీ లేసు గొలుసే అల్లాయి. గొలుసు కొస లాగితే ఏమవుతుందో పిల్లికి కూడా తెలుసు. "ముడెయ్యాలంటే సెయ్యి రావట్లేదే. దొంగతనం సేత్తున్నట్టుంది నాకు."

"ఇప్పుడెవరొచ్చి తిప్పేస్తారు అత్తయ్యా?" అంది రాహేలు నవ్వుతూ.

అన్నాక నాలిక కరుచుకుంది. సువార్తమ్మ నన్ను ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత తాడు అందుకుని, నా మెడ చుట్టూ తిప్పి, బిగించి ఒక ముడి వేసింది. వేసి, దాని మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాసింది. ఆమె కళ్ళలోంచి ఒక చుక్క నా మీద పడింది. నాలో ఎన్నో పోశారు గానీ నా మీద అలాంటిది ఎప్పుడూ పడలేదు. రెండో ముడికి ఆమె చెయ్యి తడబడలేదు.

పండగనాడు రాహేలు నా అడుగున పేరుపాలెం సముద్రపు ఇసక పోసి అందులో లావుపాటి కొవ్వొత్తి గుచ్చింది. పుట్టింటివాళ్ళు వచ్చినట్టే అయింది నాకు. దానియేలు సిలువ చేతికి నన్ను తగిలించి వెలిగించారు. పొట్టలో వెలుగు నిండితే ఎలా ఉంటుందో చెప్పమంటే నాకు మాటలు రావు. కాఫీ పొడి, ఇంగువ, పచ్చడి, అవన్నీ మళ్ళీ బయటికి తీసుకోవడానికి పోసినవి. ఇది ఎవరూ తిరిగి తీసుకోనిది.

గాలి రానే వచ్చింది. అటూ ఇటూ కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. నేను ఊగుతున్నాను. మంట వంగి, మళ్ళీ లేచి నిలబడింది. ముడులు పట్టు వదల్లేదు.

సువార్తమ్మ సమాధి మీద చెయ్యి వేసి అంది. "ఇదిగో, సూసుకో. ఏలెట్టి మరీ సూసుకో. అన్నీ ముళ్ళే. దమ్ముంటే తిప్పెయ్, సూద్దాం."

అని పకపకా నవ్వింది, కళ్ళు కొంగుతో తుడుచుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. తోట గుమ్మం దాకా చూశాను నేను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

నా కొవ్వొత్తి గాలికి ఆరలేదు. మైనం మొత్తం అయిపోయాక, తనంతట తనే ఆరింది. అప్పటికి తూర్పు తెల్లబడింది. ఆ సంగతి సువార్తమ్మకి ఎవరైనా చెబితే బాగుండును.