నడుమ నేసిన పేరు

మానస కుడి చేయి ఇప్పుడు పిడికిలి పట్టదు. పన్నెండేళ్ల పిల్ల. మస్కట్‌లో రాజేశ్వర్ రావు, తన పసిబిడ్డ ఏడుపు ఈ పిల్ల ఆపలేదని, కాలుతున్న ఇస్త్రీపెట్టె తెచ్చి ఆ అరచేతి మీద పెట్టాడు. హన్మకొండ బజారులో ఒక బట్టల కొట్టు, మస్కట్‌లో ఇంకో కొట్టు ఉన్న పెద్దమనిషి. పెద్దమనిషి అని రాయడానికి నాకు ఒళ్లు మండుతోంది. కానీ మన బజార్లో వాణ్ని ఇంకా అలాగే పిలుస్తున్నారు.

"బిడ్డలెక్క చూసుకుంట, సదివిపిస్త" అని ఆ పిల్లను మా నేతగాళ్ల వాడ కాశిబుగ్గ నుంచి తీసుకుపోయాడు. చేతికి చీము పట్టాక, దవాఖానలో ఎవరైనా అడుగుతారన్న భయంతో విమానమెక్కించి ఇంటికి తోలేశాడు. ఇప్పుడు కొత్త కొట్టు తెరవడానికి తానే వచ్చాడు. ఆదివారం కొట్టు తెరిచే పండుగ, సోమవారం మస్కట్‌కు తిరుగు ప్రయాణం. ఈసారి మా పక్క వాడ నుంచి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుపోతాడట.

మానస తల్లి కట్టమ్మ జంపఖానాలు నేస్తుంది. మానసను తీసుకుని ఆమె వెంట మేం పదిమందిమి ఠాణాకు పోయాం. ఎస్సై పిల్ల చేయి చూడనైనా చూడలేదు.

"మస్కట్‌ల కాలింది గదమ్మా. మా హద్దు కాదు. ఆడికే పోయి కేసు పెట్టుకో."

"మస్కట్ ఏ దిక్కున్నదో నాకు ఎరుకలేదు సారూ. నా బిడ్డను తీస్కపోయింది నా వాకిట్లకెల్లి" అంది కట్టమ్మ.

"అయితే ఢిల్లీకెల్లి పర్మిషన్ తెచ్చుకో. అప్పుడు రాస్త."

ఆ సాయంత్రం నేత సొసైటీ షెడ్డులో వాడంతా కూడింది. లాయరు పద్మలతను పిలిపించాం. ఆమె కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"రాజేశ్వర్ రావు మన దేశ పౌరుడు. పౌరుడు యాడికి పోయినా మన చట్టం వాని ఎంబడే పోతది. పిల్లల మీద ఆడ చేసిన నేరానికి ఈడ కేసు పెట్టొచ్చు. ఢిల్లీ పర్మిషన్ కావాల్సింది కోర్టుల విచారణకు. కేసు రాసుటానికి, వాణ్ని పట్టుకునుటానికి అక్కర లేదు. ఎస్సై అబద్ధం చెప్తాండు."

"గంత సక్కటి చట్టం ఇన్నొద్దులు ఎవని జేబుల ఉన్నదక్కా?" అని కుర్ర నేతగాడు హరీష్ లేచాడు. షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వులో సంతోషం లేదు.

సొసైటీ పెద్ద సదానందం మాత్రం నవ్వలేదు. "జర ఆగుర్రి. మన సరుకు కొనేది వాడే. వాన్తోని పెట్టుకుంటె మగ్గాలు పండుకుంటయి. పిలిపించి తప్పు ఒప్పిద్దాం."

"వాడు ఒప్పుకుంటె నా బిడ్డ చెయ్యి ముడుసుకుంటదా మామా?" అని అడిగింది కట్టమ్మ. "నాకు పగ ఉన్నది. దాసుకునేది ఏం లేదు. చట్టం నా పగకు ముందలన్న నడవాలె, ఎనుకన్న నడవాలె. పక్కకు తప్పుకుంటనంటె ఊకోను."

సదానందం తల దించుకున్నాడు. ఎందుకు దించుకోడు? మానసను తీసుకుపోయిన రోజున, పేదింటి పిల్లకు దారి చూపిన మహానుభావుడని సొసైటీ తరఫున వాడికి జంపఖానా నేసి ఇచ్చింది ఆయనే. పిల్లనూ ఇచ్చాం, జంపఖానా కూడా ఇచ్చాం. మా తెలివికి నిప్పు పెట్టాలి.

జంపఖానా మీద ఎవరి పేరు నేసినా మా వాళ్లు అంచునే నేస్తారు. అక్షరం సరస్వతి. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. అందుకే అడుగు పడని చోట పేరు పెడతాం. ఆదివారం పండుగకు రాజేశ్వర్ రావు తన పేరుతో ఇంకో పెద్ద జంపఖానా నేయమని చెప్పాడు. అది మగ్గం మీదే ఉంది. వెడల్పు మగ్గం, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఒకరు కట్టమ్మ, రెండోవారు సదానందం.

మర్నాడు పొద్దున్నే కట్టమ్మ మగ్గమెక్కింది. "పేరు అంచుకు ఏస్తలేను మామా. నడుమ ఏస్త."

"అక్షరాలను తొక్కిపిస్తవా బిడ్డా?"

"నా బిడ్డ చెయ్యి కన్న ఎక్కువనా అక్షరం?"

ఇద్దరిలో ఒకరు కాదంటే ఆ మగ్గం మీద ఒక్క పోగు నడవదు. సదానందం నిలువు పోగుల పడుగును అరచేత్తో సవరించాడు. తర్వాత అడ్డపోగు చుట్టిన నాడె తీసి కట్టమ్మ వైపు నూకాడు.

ఆదివారం ఆ జంపఖానా కొట్టుకు పోలేదు. ఠాణా గేటు ముందు పరిచాం. మూరెడు మూరెడు ఎర్రటి అక్షరాలు, సరిగ్గా నడుమ. కాశిబుగ్గ మగ్గాలన్నీ ఆగిపోయాయి. కాలేజీ పిల్లలు వచ్చారు, హమాలీలు వచ్చారు. అయినా మొదటి అడుగు ఎవరికీ పడలేదు. అలవాటు అంత తేలిగ్గా చావదు.

సదానందం ముందుకు వచ్చాడు. అంచు దగ్గర అలవాటుగా చెప్పులు విడిచాడు. మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. తొడుక్కుని, తాను నేసిన పేరు మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఆ వెంటనే జనమంతా కదిలారు.

పోలీసులు లాఠీలతో దిగారు. కట్టమ్మనూ సదానందాన్నీ ఈడ్చుకుపోయి లోపల వేశారు. ఈడ్చిన బూట్లూ ఆ పేరు మీదే పడ్డాయి. జనం అక్కడే బైఠాయించారు. "కేసు రాయి!" అన్న కేక బజారు దాకా వినబడింది. పద్మలత కమిషనర్‌కు ఫోన్ మీద ఫోన్ చేసింది. పొద్దు వాలే వేళకు, పై నుంచి ఒత్తిడి వచ్చాక, ఎస్సై కలం పట్టాడు. ఢిల్లీ పర్మిషన్ మాట ఎత్తలేదు.

అప్పటికే రాజేశ్వర్ రావు కారులో హైదరాబాద్ దారి పట్టాడు. పోలీసులు దారిలోనే ఆపి తీసుకొచ్చారు. జీపు దిగి గేటు ముందు జంపఖానా చూశాడు. పక్కనుంచి పోదామనుకున్నాడు. అటు చూస్తే హమాలీలు, ఇటు చూస్తే ఆడవాళ్లు. ఒక్కరూ జరగలేదు. వాడి మీద ఒక్కరూ చెయ్యి వేయలేదు. వాడు ఈసారి తీసుకుపోదామనుకున్న ఇద్దరు ఆడపిల్లల తల్లులు వాడి మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. వాళ్ల మధ్య మానస ఉంది.

లాకప్ కిటికీలోంచి కట్టమ్మ గొంతు వచ్చింది. "తొక్కు దొరా. నీ పేరే."

తొక్కాడు. ప్రతి అక్షరం తొక్కుకుంటూ లోపలికి పోయాడు.

హరీష్ కిటికీ కింద నిలబడి అడిగాడు. "అత్తా, విచారణకు ఇగ ఢిల్లీ పర్మిషన్ కావాలె గద?"

"కావాలె" అంది కట్టమ్మ. "ఇంకో పడుగు ఎక్కియ్యిర్రి. ఈసారి ఢిల్లీల పరుద్దాం."