షెడ్డు గేటు దగ్గర చోడి అంబలి

శాంతాదేవికి బి.కాం. పట్టా ఏనాడో వచ్చింది గాని, దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచుకోవడం తప్ప మరో భాగ్యం పట్టలేదు. భర్త నాగభూషణం బ్యాంకు ఆఫీసరు. ఆయనకు బదిలీ అయినప్పుడల్లా ఆవిడ ఉద్యోగం మాట అటకెక్కేది. బిలాస్‌పూర్ వచ్చాక, ఎనభై ఎనిమిది వేసవిలో, రైల్వే కాలనీ తెలుగు పిల్లలకు వ్యాపారం నేర్పుతానని ఆవిడే నడుం కట్టింది. హైస్కూలు పిల్లలు ఐదారుగురు చేరారు. పొద్దున్నే వాళ్లు "ఆంటీ" అంటూ వచ్చి వరండాలో చాపలు పరుస్తుంటే ఆవిడకు కడుపు నిండిపోయేది.

వాళ్లలో అసలు సిసలు వ్యాపారి స్వాతి. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డు గేటు దగ్గర చోడి అంబలి అమ్ముదామన్నది ఆ పిల్లే. చోడి అంటే రాగులని శాంతాదేవికి అప్పుడే తెలిసింది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కదా, మజ్జిగ కలిపిన అంబలంటే షెడ్డులో సగం మంది ప్రాణం పెడతారు. అయితే స్వాతి తండ్రి సింహాచలం, షెడ్డులో ఫిట్టరు, వచ్చి తెగేసి చెప్పాడు.

"మా ఇంట్లో ఏపారం ఎవులూ సెయ్‌నేదమ్మా. ఈ వారం సూస్తాను. అంబలి అలాగే మిగిలిపోయిందంటే, సోమారం నుంచి దీన్ని టైపింగుకి పంపేస్తాను."

స్వాతి పోతే మిగతావాళ్లు ఆగుతారా? ఇల్లు మళ్లీ బోసిపోతుందని శాంతాదేవికి బెంగ పట్టుకుంది.

పిల్లలు దుకాణం పెట్టారు. రైల్వే వాళ్ల పిల్లలు మరి, దాన్నీ డ్యూటీలాగే నడిపారు! పొద్దుట స్వాతి, మధ్యాహ్నం ఇంకో కుర్రాడు రోహన్. షెడ్డులో షిఫ్టు మారే సైరన్ మోగగానే ఛార్జి అప్పగింత. గ్లాసులు చూపించి, గరిటె చూపించి, కుండ మూత తీసి చూపించి, అన్నీ ఒప్పజెప్పందే స్వాతి కదలదు, రోహన్ గరిటె పట్టడు. షెడ్డులోంచి జనం బిలబిలా బయటికొచ్చేదీ సరిగ్గా అప్పుడే. నోరెండిన మనుషులు కాసేపు నిలబడి, విసుక్కుని, ఎదురుగా ఉన్న చెరుకు రసం బండి దగ్గరికి పోయారు. రెండు రోజులూ ఇదే వరస. అంబలి సగానికి సగం మిగిలిపోయింది.

"హమారా క్యా కసూర్ ఆంటీ, మా తప్పేముంది? ఛార్జి ఇవ్వకుండా డ్యూటీ ఎలా దిగుతారు?" అన్నాడు రోహన్.

శాంతాదేవికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చెప్పేద్దామని నాలుక దురద పెట్టింది. తను చెప్పేస్తే ఇక వాళ్లు నేర్చుకునేదేముంది?

"మీ నాన్నలకు దాహం ఎప్పుడేస్తుంది?" అని మాత్రం అడిగింది.

"డ్యూటీ దిగినప్పుడు," అంది స్వాతి. అంటూనే తల కొట్టుకుంది. "అయ్యో, అప్పుడే కదా మనం గరిటె కింద పెట్టేస్తన్నాం!"

మర్నాడు సైరన్ వేళకు ఇద్దరూ బల్ల వెనకే ఉన్నారు. గ్లాసులు ముందే నింపి పెట్టారు. జనం మూగిపోయారు. "ఉల్లిపాయేదే అమ్మీ?" అని ఒకరు, "మరో గ్లాసు!" అని ఇంకొకరు. రోహన్ గ్లాసులు కడుగుతున్నాడు, స్వాతి పోస్తోంది. గోడ నీడన శాంతాదేవి కొంగు నలుపుకుంటూ నిలబడింది.

అందరి వెనకా సింహాచలం వచ్చాడు. గ్లాసు అందుకోలేదు. చెమటలు కక్కుతున్న కూతురిని చూశాడు, వెనక్కి తిరిగాడు.  అయిపోయింది, ఇక టైపింగే అనుకుంది శాంతాదేవి.

సింహాచలం కుళాయి దగ్గర గ్రీజు చేతులు మోచేతుల దాకా తోముకుని తిరిగొచ్చాడు.

"ఏటలా సూస్తావు? గరిటె ఇటియ్యి. ఎల్లి నీడన కూకో." అని, ముందుకు తోసుకొస్తున్న మనిషి మీద గయ్యిమన్నాడు. "వరసలో రాయేటి! మా అమ్మాయి దుకాణం ఇది!"

శాంతాదేవి సంతోషం పట్టలేక కళ్లొత్తుకుంది. స్వాతి మాత్రం నీడకు పోలేదు. తండ్రి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.