సంపూర్ణమ్మగారి శ్రుతిపన్ను

పటమటలోని ఓ చర్చిలో ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు సంపూర్ణమ్మగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టీలు చెంచా తీసి, నోరు కొంచెం తెరిచి, కింది వరసలో కుడివైపు చివరి దవడపన్ను మీద ఒక్కసారి కొడతారు. పన్ను ఖంగుమంటుంది. ఆ శ్రుతి అందుకుని జనమంతా కీర్తన ఎత్తుకుంటారు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి. కొత్తగా వచ్చిన పాస్టరుగారు కూడా మొదటి వారానికే అలవాటు పడిపోయారు.

డెబ్భై ఒక్కేళ్లకి ముప్ఫై రెండు పళ్లూ సొంతవేనని ఆవిడకి గర్వం. ఉండదూ మరి? ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసి ఎంతమంది రోగులకో పళ్లు తోమిన చెయ్యి అది. రెండువేల ఆరులో ఆ చేతికే కీళ్లవాతం వచ్చింది. బొటనవేలు వంగదు. బ్రష్ దవడల దాకా వెళ్లేలోపే జారిపోతుంది.

ఆ ఏడాదే సెప్టెంబరులో పళ్ల డాక్టరు చిన్న అద్దం పిడితో ఆ పన్ను మీద తట్టి చూశాడు. బొంగురుగా పలికింది. చిగురు వదిలేస్తోందని, మూడు నెలల్లో గట్టిపడకపోతే పీకెయ్యాలని చెప్పాడు. మామూలు బ్రష్ అయినా, కరెంటు బ్రష్ అయినా తనకి అభ్యంతరం లేదట. రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమాలి, ఆ మూలకి చేరాలి, అంతేనట.

కోడలు శాలిని ఆ సాయంత్రమే బీసెంట్ రోడ్డుకెళ్లి ఛార్జింగు బ్రష్ కొనుక్కొచ్చింది. సంపూర్ణమ్మగారు డబ్బా మూత కూడా తియ్యలేదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పన్ను పోతే శ్రుతికి కీబోర్డు పెట్టేద్దామని చర్చి కమిటీ అప్పటికే అనుకుంటోంది. ఒక మిషను తన చోటు కాజెయ్యాలని చూస్తుంటే ఇంకో మిషన్ని నోట్లో పెట్టుకుంటారా ఆవిడ?

మామూలు బ్రష్ పిడికి గాజుగుడ్డ చుట్టి, పైన ప్లాస్టరు వేసి, రోగికి కట్టు కట్టినంత శ్రద్ధగా లావు చేసుకున్నారు. పట్టు కుదిరింది కానీ మణికట్టు తిరగలేదు. ఆ ఆదివారం పన్ను శ్రుతి బాగా దిగి మోగింది. అందరూ ఆవిడ ఇచ్చిన శ్రుతిలోనే పాడారు. మగవాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. ఆడవాళ్ల గొంతులు అంత కిందకి దిగలేక రెండో చరణానికే ఆగిపోయాయి. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే డబ్బా విప్పారు. గుర్రుమంటున్న బ్రష్‌ని నోట్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ అంట్లు తోమినట్టు అటూ ఇటూ రుద్దేశారు. చిగుళ్లలోంచి నెత్తురు కారింది.

"రుద్దకండి అత్తయ్యా. పన్ను మీద ఆనించి ఊరుకోండి, అదే తోముతుంది" అంది శాలిని.

పళ్లు తోమడం తనకి నేర్పుతున్నందుకు ఆవిడకి ఒళ్లు మండింది. మండుతూనే ఆలోచించారు. ఇంజక్షన్ సూది గుచ్చాక చెయ్యి కదపకూడదని కొత్త నర్సులకి తనే ఎన్నిసార్లు చెప్పలేదు! ఇదీ అంతే. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, ఒక్కో పన్ను దగ్గరా ఆగుతూ నిదానంగా మూల దాకా వెళ్లారు. ఆ తర్వాత ఒక్క పూట మానలేదు.

క్రిస్మస్ ముందు ఆదివారం కమిటీ తరఫున ఇశ్రాయేలుగారు శాలువా పట్టుకుని వేదిక ఎక్కారు. ఆవిడ సేవలకి వందనాలు చెప్పి, ఇక విశ్రాంతి తీసుకోమని సాగనంపడం వాళ్ల ఉద్దేశం. కొత్త కీబోర్డు పక్కనే సిద్ధంగా ఉంది.

సంపూర్ణమ్మగారు శాలువా కప్పించుకుని, చెంచా తీసి కొట్టారు. పన్ను ఖంగుమంది. ఇరవై ఏళ్ల కిందట కూడా అంత నిక్కచ్చిగా పలకలేదని పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. జనం లేచి నిలబడి కీర్తన ఎత్తుకున్నారు. ఇశ్రాయేలుగారికీ పాడక తప్పలేదు.

పాట అయ్యాక ఆయన మెల్లగా దగ్గరికొచ్చారు.

"కరెంటు బ్రష్ వాడుతున్నారటగా, సంపూర్ణమ్మగారూ. అయితే చివరికి మిషనే నెగ్గిందన్నమాట."

"నెగ్గడమేంటండీ, నా దగ్గర పనికి కుదిరింది" అన్నారావిడ, శాలువా నిండుగా లాక్కుంటూ. "ఇది బాగుంది, చలికి పనికొస్తుంది. రెండో కీర్తన నంబరు చెప్పండి."