అంబ్రువాజ్ తూము తలుపు

ఉత్తర అమెరికా తీరాన అకాడియాలో ఆ వసంతాన రెండు మిట్టల మీద రెండు కోటలుండేవి. ఒకదానిలో ఇంగ్లీషువాళ్ళు, ఇంకోదానిలో ఫ్రెంచివాళ్ళు. ఒకళ్ళ వంటపొగ మరొకళ్ళ ముక్కుకు తగిలేంత దూరం. నడుమనున్న పర్ర, అంటే ఆ తీరపు పల్లపు నేల, ఎవరిదన్నదే తగవు. ఆ పర్రను సముద్రం నుంచి పారలతో లాక్కున్నవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు.

అంబ్రువాజ్ ఆ లాక్కున్నవాళ్ళలో ఒకడు. అతనూ భార్య ఉర్సుల్ కలిసి కరకట్ట పోశారు. కట్ట కింద తూము పెట్టి, సముద్రం వైపు దానికో తలుపు వేలాడదీశారు. పోటుకు ఉప్పునీరు తోస్తే ఆ తలుపు మూసుకుంటుంది. ఆటుకు వాగునీరు తోస్తే తెరుచుకుంటుంది. మూడేళ్ళు వానలు కడిగితేగాని చౌడు వదల్లేదు. నాలుగో ఏడు గోధుమ పండింది. ఉర్సుల్ పోయి రెండేళ్ళయినా, ఆ కట్ట మీద ఆమె పారతో తట్టి నున్న చేసిన చోటు అతనికి తెలుసు. అక్కడ కాలు పెట్టడు.

ఒక ఉదయం ఫ్రెంచి కెప్టెన్ సిపాయిలతో వచ్చి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. కాళ్ళకు తెల్లని మేజోళ్ళు.

"ఒరేయ్ ముసలాడా, తూము తలుపు పీకెయ్. పర్రను నీళ్ళతో నింపు. ఇంగ్లీషువాడు ఎలా దాటుతాడో చూస్తాను."

"దొరా, పోటుకు వచ్చిన సముద్రం ఆటుకు పోతుంది. ఆరు గంటలాగితే వాడు నడిచే వస్తాడు. మనకు మిగిలేది ఉప్పు. మూడేళ్ళు గింజ మొలవదు."

"యుద్ధం నాకు నేర్పుతావా? పీకకపోతే నీ ఇల్లు తగలబెట్టి నిన్ను ఉరి తీస్తాను."

ఉర్సుల్ అక్క ఓజిత్ పాలచెంబుతో అటే వచ్చింది. "ఇల్లు ముందు తగలబెట్టమను మరిదీ. కాస్త చలి కాచుకుని పోదువుగాని."

"నువ్వూరుకో వదినా."

సిపాయిల్లో మతురాన్ అనే నడివయసువాడొకడు కట్ట మీద గొంతుక్కూర్చుని తూమును చూస్తున్నాడు. "మాది ఉప్పుమళ్ళ ఊరు తాతా. ఇంత చక్కని తూము అక్కడ కూడా చూడలేదు" అన్నాడు.

సముద్రం వెనక్కి తీసి ఉంది. అంబ్రువాజ్ కొయ్యసుత్తి, నాలుగు చీలలు తీసుకుని, మతురాన్ చూస్తుండగా ఉర్సుల్ నున్న చేసిన చోటు తప్పించి పక్కనుంచి మోకాలి లోతు బురదలోకి దిగాడు. కెప్టెన్ బురదను చూశాడు, తన మేజోళ్ళను చూసుకున్నాడు, పైనే ఉండిపోయాడు.

తలుపు సందులోంచి మంచు కరిగిన వాగునీరు జలజలా పారుతోంది. ఈ దొరకు కావలసింది నీళ్ళు. ఏ నీళ్ళో చెప్పలేదు. అంబ్రువాజ్ తలుపును భుజంతో మూసి, నాలుగు చీలలూ బిగియగొట్టాడు. ఇక సముద్రం లోపలికి రాదు, వాగు బయటికి పోదు.

"అయిందా?" అని పైనుంచి కేక.

"అయింది దొరా. ఇక ఈ తూము తన పని చేయదు."

నాలుగో రోజుకు పర్రంతా నీళ్ళే. కెప్టెన్ ఛాతీ విరుచుకుంటూ వచ్చాడు.

"చూశావా! ఆటుకు పోతాయన్నావు. ఆటు మొదలై రెండు గంటలైంది, బొట్టు కదల్లేదు. మా రాజుగారి ఆజ్ఞంటే నీళ్ళకు కూడా భయమే!"

అవతలి మిట్ట మీద ఇంగ్లీషు దొర దుర్బిణీతో ఆ నీళ్ళనే చూస్తున్నాడు. వాడి తెలివీ దుర్బిణీ దాకానే.

అంతలో ఉర్సుల్ పెంచిన ఎర్రావు కొట్టంలోంచి తప్పించుకుని వచ్చింది. కెప్టెన్ పక్కగా కట్ట దిగి, నీళ్ళలో మూతి పెట్టి గుటగుటా తాగడం మొదలెట్టింది. అంబ్రువాజ్ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. ఏ ఆవైనా సముద్రపు నీరు అలా తాగుతుందా?

"పాపం, దాహమేసినట్టుంది" అన్నాడు కెప్టెన్.

మతురాన్ ఆవును చూశాడు. అంబ్రువాజ్‌ను చూశాడు. వంగి దోసిలి పట్టి తాగాడు.

"ఏమిట్రా, ఎలా ఉన్నాయి?"

మతురాన్ ముఖమంతా చిట్లించి ఉమ్మేశాడు. "థూ! పరమ ఉప్పు దొరా. ఆ ఆవుకు పిచ్చిలా ఉంది."

"ఈ దేశంలో ఆవులూ అంతే, మనుషులూ అంతే" అంటూ కెప్టెన్ తన విజయం గురించి పైవాళ్ళకు ఉత్తరం రాసుకోవడానికి వెళ్ళిపోయాడు.

సిపాయిలు అతని వెనకే కదిలారు. అందరికంటే చివర మతురాన్ ఆగి, నడుముకున్న సొరకాయ బుర్ర తీసి నీళ్ళలో ముంచాడు. నిండా నింపుకుని, బిరడా బిగించుకుని, ఉర్సుల్ నున్న చేసిన చోటు తొక్కకుండా పక్కనుంచి వెళ్ళాడు.