ఆగిన బండిలో గాజుల బేరం

సకల జనుల సమ్మె నాటికి జనగామలో గాజుల బాబామియా చేతిలో ఉన్నది మూతపడ్డ దుకాణం, ఒక గాజుల పెట్టె, పొద్దస్తమానం ఇంగ్లిష్ వల్లెవేసే కూతురు షిఫా. దుకాణం ఎలాగూ నష్టమే. ఆశంతా కూతురి మీదే. ఊరి గాజుల మీద తాను చేసిన ప్రాజెక్టు గురించి తెలుగు రాని మనిషితో ఆమె ఇంగ్లిష్‌లో మాట్లాడాలి, అదే పరీక్ష. ఇరవైకి పదిహేను వస్తేనే ఇంగ్లిష్ చెప్పే రఘునాథ్ సారు హైదరాబాద్ కాలేజీకి ఆమె పేరు పంపుతాడు.

సమ్మెలో అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది? రైల్‌రోకోలో దొరికింది. సమ్మె జనం పట్టాల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, స్టేషన్లో ఆగిన బండిలో కేరళ నర్సు ఒకామె కూర్చుని ఉంది. తెలుగూ రాదు, హిందీ రాదు. సారు ఒక్క గంతులో బోగీ ఎక్కాడు. గాజుల పెట్టెతో తండ్రీకూతుళ్లు వెనకే.

షిఫా మొదలుపెట్టింది. మధ్యలో నర్సు ఏదో అడగగానే, మళ్లీ "గుడ్ మార్నింగ్" నుంచి ఎత్తుకుంది. ఇంకోటి అడిగింది. మళ్లీ గుడ్ మార్నింగే! సారు పెన్ను జేబులో పెట్టబోయాడు.

"బేటీ, సరుకు చూపకుండ అమ్ముతవా? చెయ్యి పట్టు, గాజులు తొడుగు!" అన్నాడు బాబామియా.

గాజు కణుపులు దాటేటప్పుడు నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టడం వాళ్లింటి పని. షిఫా నర్సు చెయ్యి మెత్తగా నొక్కింది. "పెయిన్? నో పెయిన్! యువర్ మదర్ వేర్? గ్రీన్ గుడ్, రెడ్ వెరీ గుడ్!" నర్సు నవ్వింది, తల్లి సంగతి చెప్పింది, ఈ గాజులెక్కడివని అడిగింది. షిఫా చెప్పింది, ఎదురు అడిగింది. ఇద్దరికీ నోరాగలేదు. పక్క సీటు అమ్మలూ చేతులు చాపారు.

అంతలో పొయ్యిలు లేచాయి, కూత పడింది. తండ్రీకూతుళ్లు దూకారు. మార్కులు వేస్తున్న సారు బండిలోనే ఉండిపోయాడు!

"ఎన్ని సారూ?" బాబామియా ప్లాట్‌ఫారం మీద ఉరికాడు.

"పదిహేడు! మస్తు తప్పులున్నయ్!"

"ఆమెకు సమజైంది గద! పద్దెనిమిది చెయ్యి!"

"ఇది అంగడా మియా?"

"జర చూడు సారూ!"

"సరే తీయ్, పద్దెనిమిది! మరి నేనెట్ల దిగాలె?"

"కాజీపేటల దిగు!"

ఇంటిదారిలో బాబామియా లెక్క చూసుకున్నాడు. పోయింది పైసలు రాని రెండు డజన్ల గాజులు. సారును నష్టంలో వేయలేదు, రేపటికల్లా తిరిగొస్తాడు. వచ్చింది హైదరాబాద్ సీటుకు దారి, ఉరికి సంపాదించిన ఒక మార్కు. పైగా, ఎవరేమడిగినా గుడ్ మార్నింగ్ దగ్గరికి వెనక్కి పోని కూతురు.