తడుపు రోజు

మా పాప నీళ్ళలో పడుతుందని కాదు, పడిన రోజు నేను దూకకుండా ఒడ్డునే నిలబడిపోతానని నా భయం. నాకు దీన్ని మించిన భయం లేదు.

మా ఆయన తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేస్తారు. షెడ్డు యజమాని ఏటా ఒక పనివాడి కుటుంబానికి తన తెరచాప పడవ ఇచ్చి, నాలుగు చోట్లు తిరిగి రండి అంటాడు. ఈసారి వంతు మాది. పడవలో ఐదే పడకలు. మా ఆయన, తెరచాప దగ్గర ఆయనకి సాయంగా వాళ్ళక్క, అంటే మా వదిన, నేను, నాలుగేళ్ళ పాప. ఐదో పడక మా చెల్లిదని ముందే అనుకున్నాం. ఎందుకంటే షెడ్డులో ఒక కట్టుబాటుంది. పడవలో చిన్నపిల్లలుంటే, ఈత వచ్చిన మనిషి ఒకరు వేరే పనేదీ పెట్టుకోకుండా వాళ్ళనే కనిపెట్టుకుని ఉండాలి. మా చెల్లి చేపపిల్ల. ఈ మాట విన్న రోజే వెళ్ళి పెద్ద టోపీ కొనుక్కుంది.

ఆదివారం వదిన నా కుట్టుబల్ల మీద పటం పరిచింది. గుండీల డబ్బా తెచ్చి, ఆగే చోటల్లా ఒక గుండీ పెట్టుకుంటూ పోయాం. తెల్లవి దీవులు. అక్కడ సముద్రం గోరువెచ్చగా ఉంటుందట. నల్లవి పాత నగరాలు. పడవ దిగగానే ఎదురుగా కోటగోడ, లోపల అరిగిపోయిన రాతి వీధులు. పాప ఎర్ర గుండీ ఒకటి తీసి సముద్రం మధ్యలో పెట్టి, "ఇది నేను," అంది.

మామయ్యగారు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. ఆయన నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. "ఆ కోట చిన్నప్పుడు బొమ్మలో చూశాను," అన్నారంతే.

"నిన్నూ తీసుకెళ్ళేదాన్నే నాన్నా, పడకేదీ?" అంది వదిన. నా వైపు తిరిగింది. "ఈ ఇంట్లో పిల్లి కూడా ఈదుతుంది. ఏమ్మా మరదలా, నీకేమైనా వచ్చా, లేక చెంబుతో పోసుకోవడమేనా?"

మా బడిలో ఈత ఎనిమిదో తరగతిలో నేర్పేవారు. నేను ఏడుతో ఆగిపోయాను. అమ్మ పోయాక చెల్లిని చూసుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలిగా. అది ఎనిమిదీ చదివింది, ఈతా నేర్చింది.

"రాకేం వదినా, వచ్చు," అన్నాను.

మామయ్యగారి మొహం విప్పారింది. నాకు ఈత వస్తే చెల్లి పడక ఇక ఆయనదే. ఆ మొహం చూశాక, అన్న మాట ఎలా మింగను? మా ఆయన మాత్రం, "ఎప్పుడూ చెప్పలేదే?" అన్నారు. "మీరెప్పుడూ అడగలేదుగా," అన్నాను.

చెల్లికి ఫోను చేసింది కూడా నేనే. పడక చాలదనీ, మామయ్యగారు వస్తున్నారనీ చెప్పాను.

"పోనీలే. టోపీ పాపకి పంపిస్తాలే," అంది. "మరి దాన్ని చూసేదెవరే అక్కా?"

"నేనున్నాగా."

"నువ్వా?" అంది. నాకు ఈత రాదని దానికి తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు.

బయల్దేరేముందు తడుపు అని ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు, అందరికీ తెలిసిందే కదాని. కట్టుబట్టల మీద లైఫ్ జాకెట్ వేసుకుని, రేవులో చెక్క వంతెన మీంచి అందరూ ఒకసారి దూకాలి. ఏ జాకెట్ ఎలా తేలుతుందో, ఏ మనిషి ఎలా బెదురుతాడో ఒడ్డు దగ్గరే తేలిపోవాలట.

మా ఆయన దూకారు. వదిన దూకింది. మామయ్యగారు ముక్కు మూసుకుని దూకి, నిచ్చెన పట్టుకుని నవ్వుతున్నారు. పాప నా చెయ్యి విదిలించుకుని దూకేసింది.

జాకెట్‌కి కాళ్ళ మధ్య ఒక పట్టీ ఉంటుంది. గుచ్చుకుంటోందని పాప దాన్ని ఎప్పుడో విప్పేసుకుంది. దాంతో జాకెట్ పైకి జారి గడ్డం దాటేసింది. నోట్లోకి నీళ్ళు పోయాయి. "అమ్మా" అంది.

అందరికంటే దగ్గర నేనే. నాకూ జాకెట్ ఉంది, దూకితే మునగను. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కాళ్ళు మాత్రం చెక్కకి మేకులు కొట్టినట్టుండిపోయాయి. అది నన్నే చూస్తోంది. ఆ చివరనించి మా ఆయన ఈదుకుంటూ వచ్చి దాన్ని ఎత్తుకున్నారు.

మా ఆయన పాపని వంతెన ఎక్కించి, పట్టీ మళ్ళీ బిగించారు. తిట్టినా బాగుండేది. వదిన జుట్టు పిండుకుంటూ, "చెప్పుంటే ఓ నవ్వు నవ్వి ఊరుకునేదాన్ని కదే," అంది మెల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేను మానేస్తానమ్మా. కోట ఎక్కడికి పోతుంది," అన్నారు మామయ్యగారు.

"వద్దు మామయ్యా. మానేసేది నేను," అన్నాను.

చెల్లికి మళ్ళీ ఫోను చేశాను. "చెప్పేశావా?" అంది.

"నేను చెప్పలేదే. వాళ్ళే చూశారు."

పొద్దున చెల్లితో సహా వెళ్ళారు. గుండీలన్నీ డబ్బాలో వేశాను, ఎర్రది కనిపించలేదు. పట్టీకి లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టి పంపాను. అయినా విప్పేస్తుంది, దాని సంగతి నాకు తెలుసు. మీలో ఎవరైనా ఆ దీవుల వైపు వెళ్తే, ఏ రేవులోనైనా గోధుమరంగు అతుకున్న తెరచాప కనిపిస్తే, ఆ పడవలో తలకి మించిన టోపీ, పసుపు జాకెట్‌తో ఒక పిల్ల ఉంటుంది. కాళ్ళ మధ్య పట్టీ పెట్టుకుందో లేదో చూడండి. మా చెల్లి చూస్తూనే ఉంటుంది. అయినా మీరూ ఒకసారి చూడండి.