నలభై మూరల తాడు

నేను ఒక కొబ్బరి తాడును. నలభై మూరల పొడవు. కోనసీమలో ఒక కాలువ ఒడ్డున పీచును నెలల తరబడి నానబెట్టి, చావబాది, పేని నన్ను తయారుచేశారు. పేనిన మనిషి మెలిక కాస్త ఎక్కువ వేశాడు. అందుకే ఎక్కడ పడేసినా నేను సర్దుకోను. చుట్ట చుట్టినా విప్పుకుంటూనే ఉంటాను. కుదురు నా ఒంట్లో లేదు.

మొదట నన్ను కొన్నవాడు ఒక బడిపంతులు. నూతి కోసం కొన్నాడు. కొన్నది ఆయన, తోడింది ఆయన భార్య సీతారావమ్మ. ఆ ఇంట్లో నేను ఏడో తాడును. ముందు ఆరూ ఆమె చేతుల్లోనే తెగాయి. ఆ పంతులు పిల్లల చేత శ్రమ విలువ మీద వ్యాసం రాయించేవాడు. ఇంటికొచ్చి ఆమె తోడిపెట్టిన నీళ్లతో కాళ్లు కడుక్కునేవాడు. ఆమె పోయిన రోజున స్నానానికి ఆయనే తోడుకోవలసి వచ్చింది. మూడో చేదకు అరచెయ్యి బొబ్బలెక్కింది. చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. నేనున్న నాలుగేళ్లలో ఆమె చెయ్యి ఒక్కసారీ అలా చూడలేదు. నెల తిరక్కుండా మోటారు పెట్టించి నన్ను గోడ అవతల పారేశాడు. ఆ మోటారు అంతకు ముందు కూడా బజార్లో దొరికేది.

నన్ను ఏరుకున్నది నూకాలమ్మ. మునిసిపల్ పార్కులో ఊడ్చే మనిషి. బట్టలారేయడానికి తీసుకెళ్లింది. కాని ఆమె ఉండే రేకుల గదికి గడియ విరిగింది. వేసవి సెలవులిచ్చారు. కూతురు రొయ్యల షెడ్డులో పనికి పోతుంది. ఏడేళ్ల మనవరాలు మాణిక్యాన్ని చూసే దిక్కు లేదు. ఆ వీధిలో లారీలు తిరుగుతాయి. పిల్లను లోపలుంచి, తలుపును కిటికీ ఊచలకు నాతో బిగించి కట్టి, నూకాలమ్మ పనికి పోయేది. రేకులు పదింటికే కాలేవి. పిల్ల తలుపు సందులోంచి రెండు వేళ్లు పెట్టి నా పీచు పీకేది. లోపల్నుంచి లాగేది. నేను ఊగేవాణ్ణి, వదిలేవాణ్ణి కాదు. ముడి వేసిన చేతిదే తాడు. నీళ్లు మోసినప్పుడు నాకింత బరువు తెలియలేదు.

ఆ పార్కులో పిల్లలకు సమ్మర్ క్యాంపు పెట్టాలని పొద్దున్నే నడిచేవాళ్ల సంఘం తలపెట్టింది. అధ్యక్షుడు పళ్ళంరాజు, రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు. కార్యదర్శి భద్రం, ప్రతిదీ కాగితం మీద రాసే మనిషి. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆటలు, బొమ్మలు, మజ్జిగ. ముప్పైమంది పిల్లలు. మాణిక్యం పేరు కూడా రాయమని నూకాలమ్మ భద్రాన్ని అడిగింది. చూద్దాం అన్నాడు. ఆ మాట అర్థం ఆమెకు తెలుసు. అయినా రోజూ అడిగేది. రోజూ ఇంటికొచ్చి, ఇంకా రాయలేదని, నా ముడి విప్పుతూ లోపలున్న పిల్లకు చెప్పేది.

సంఘం పది రోజులు ఆలోచించింది. ఆలోచనంతా ఆరింటికే. ఏడున్నరకల్లా అందరూ కాఫీలకు ఇళ్లకు పోతారు. జాబితా చాంతాడంత అయింది. టోపీలు, రంగు పెన్సిళ్లు, యోగా మాస్టారు. బ్యానరు మీద ఎవరి ఫొటో ఎంత ఉండాలన్నదానికి మూడు ఉదయాలు పట్టింది. చోటు మాత్రం ఒక్క నిమిషంలో తేలింది. చెట్ల వరసకు పడమట చదునైన మైదానం. ఆరింటికి అక్కడ నీడ దుప్పటి పరిచినట్టు ఉంటుంది.

నూకాలమ్మ చీపురు ఆపి, తొమ్మిదికి అక్కడ నీడుండదని, పంపు గది వెనక రెండు నిద్రగన్నేరు చెట్ల కిందయితే మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుందని చెప్పింది. అది ఆమె ఆకులు పోగుచేసే మూల. నడిచేవాళ్లు అటు పోరు.

“నేను ముప్పయ్యేళ్లు కాలవలు తవ్వించానే నూకాలమ్మా. నీడ సంగతి నువ్వు చెప్పాలా?” అన్నాడు పళ్ళంరాజు.

“కాలవ కదలదు కదండీ బాబూ,” అంది ఆమె.

భద్రం నవ్వి, చీపురు పట్టినవాళ్లంతా ఇంజనీర్లయిపోయారని అన్నాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

చివరి రోజున తేలింది, అంత జాబితాలో తాడు లేదని. గుంజలు పాతి పిల్లల చుట్టూ కట్టాలి కదా. నూకాలమ్మ తన దగ్గర నలభై మూరలుందని చెప్పింది. మర్నాడు ఆదివారం. గుంజ పాతడానికి పళ్ళంరాజు పంచాంగం చూశాడు. వర్జ్యం పోయాక పదకొండుంబావుకు బాగుంది.

పదకొండింటికి ఆ పార్కు మొహం ఆ సంఘంలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. మైదానం మీద గాలి ఉడుకుతోంది. నీడ ఎటు పోయిందో అన్నట్టు భద్రం వెనక్కి చూశాడు. కొబ్బరికాయ కొట్టే ముందు అందరూ ఆచారం ప్రకారం చెప్పులు వదిలారు. ఇసుక నిప్పులా ఉంది. పళ్ళంరాజు ఒక కాలు ఎత్తాడు, ఆ కాలు దించి రెండోది ఎత్తాడు. కాయ మొదటి దెబ్బకు పగల్లేదు. నూకాలమ్మ నన్ను భుజాన వేసుకుని ఎదురుగా నిలబడింది. ఆమెకు చెప్పులు లేవు. ఎప్పుడూ లేవు. కదల్లేదు.

“ఐదు గంటలండి,” అంది మెల్లగా. “మీ మనవలు కూడా కూకుంటారు కదా.”

రెండో దెబ్బ కొట్టకుండానే పళ్ళంరాజు చెప్పుల కోసం గెంతాడు. కాయ పంపు గది వెనక కొట్టారు. ఆకుల కుప్ప ఆమే తీసింది. గుంజలు అక్కడే పాతారు. నన్ను చుట్టూ కట్టి వెళ్లారు. సంఘం పుస్తకంలో, అధ్యక్షులవారు స్వయంగా పరిశీలించి అనువైన నీడను గుర్తించారని భద్రం రాశాడట. రాయనీ.

సోమవారం ఎనిమిదింటికి ముప్పైమందీ నా లోపల కూర్చున్నారు. నూకాలమ్మ మాణిక్యం చెయ్యి పట్టుకుని వచ్చింది. భద్రం కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. పేరు లేదన్నాడు. చోటూ లేదన్నాడు. ఇంటి దగ్గర దిగబెట్టి రమ్మన్నాడు.

“తాడు మీకిచ్చేశానండి,” అంది ఆమె. “దేంతో కట్టి రానూ?”

వాళ్లకు ముందు అర్థం కాలేదు. నా మీద తలుపు నుంచి అంటిన రంగు ఇంకా ఉంది. పళ్ళంరాజు దాన్ని చూశాడు, పిల్లను చూశాడు. అప్పుడు అర్థమైంది. చివరి గుంజ తానే పెరికి ఒక అడుగు అవతల పాతాడు. నా పీచు అరచేతికి గుచ్చుకుంది. చెయ్యి తిప్పి చూసుకున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. కాలు కాలకపోతే ఆ అడుగు జరిగేది కాదు.

మాణిక్యం ఆ సందులో, నాకు వీపు ఆనించి కూర్చుంది. బొమ్మల మేడం పెన్సిలిచ్చింది. పిల్ల కుడిచేత్తో గీస్తూ ఎడమచెయ్యి వెనక్కి పెట్టింది. తడిమి, పాత చోటు వెతికి పట్టుకుంది. అలవాటుగా రెండు వేళ్లతో నన్ను లాగింది.

నేను ఊగాను. నా కొసన తలుపు లేదు.